ఎంబసీ ఖాళీ చేసేటప్పుడు వీసా కోసం ఇచ్చిన పాస్‌పోర్టుల సంగతేంటి?

సంపాదకుడు గారికి,

కల్లోల దేశాల్లో పనిచేసే దౌత్యవేత్తల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. వాళ్ల ధైర్యానికి వంక పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. 2008 జులై 7న కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారుబాంబు పేలి కౌన్సెలర్ వి. వెంకటేశ్వరరావు, బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా బలైపోయారు. అయితే ఆపద వేళ ప్లాన్ అనగానే ఎన్ని విమానాలు పంపారు, ఎంతమందిని తెచ్చారు అనే లెక్కలతోనే ఆగిపోతున్నాం. తాళం వేశాక లోపల ఏం ఉండిపోయిందో అడగడం లేదు.

2023 ఏప్రిల్ 15న సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ (ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే పారామిలటరీ దళాలకూ పోరు మొదలైంది. వారం తిరిగేసరికి అమెరికా తన ఎంబసీ వాళ్లను హెలికాప్టర్లలో తీసుకుపోయింది. వీసా కోసం సూడాన్ ప్రజలు ఇచ్చిన పాస్‌పోర్టులను మాత్రం ముక్కలు చేసేశారు. కొన్ని యూరప్ దేశాల ఎంబసీల్లో అవి లోపలే చిక్కుకుపోయాయి. ఆయుధాలున్నవాళ్ల చేతిలో పడితే దుర్వినియోగం అవుతాయని పత్రాలు నాశనం చేయడం అలాంటప్పుడు మామూలే. రహస్య ఫైళ్ల విషయంలో అది సబబే. కానీ ప్రాణభయంతో పారిపోయే మనిషిని సరిహద్దులో మొదట అడిగేది పాస్‌పోర్టే కదా!

2021లో కాబూల్‌లో దీనికి తలకిందులు. ఆఫ్గన్ సిబ్బంది, ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకున్నవాళ్ల వివరాలున్న కాగితాలు బ్రిటన్ ఎంబసీలో నేల మీదే పడి ఉన్నాయి. తాలిబన్లు కాపలా కాస్తుండగా లోపలికెళ్లిన ఒక విలేకరి చూసేదాకా సంగతి బయటపడలేదు. కాల్చాల్సినవి వదిలేశారన్నమాట.

ఖార్టూమ్‌లో తిరిగి ఇచ్చే టైమ్ ఎక్కడుందని అనొచ్చు. నిజమే, అది శనివారం పొద్దున్నే విరుచుకుపడిన యుద్ధం. అందుకే ముందు నుంచీ పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోకూడదంటున్నాను. ప్రమాదకరమని తెలిసిన నగరాల్లో దరఖాస్తు రోజున స్కాన్ చేసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. వీసా ఖాయమయ్యాక స్టిక్కర్ వేయడానికి మాత్రం మళ్లీ తెమ్మనాలి. దరఖాస్తుదారుకు ఒక తిరుగుడు ఎక్కువవుతుంది, అంతే. స్థానిక డ్రైవర్లు, దుబాసీల వివరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిని ఎవరు తీసేయాలో కూడా ముందే రాసి ఉంచాలి.

మన ఎంబసీల్లో ఇప్పుడు ఏ పద్ధతి నడుస్తోందో విదేశాంగ శాఖ చెప్పాలి. ఏ ఎంపీ అయినా పార్లమెంటులో ఒక ప్రశ్న వేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు