జంజీరా కోట చూసినోళ్లకు కుడా గుహలు కూడా చూపించండి సార్

కేంద్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్తే.

సార్, తెలుగుల రాస్తున్న అని ఏమనుకోవద్దు, మీ ఆఫీసుల ఒక్క తెలుగాయనన్న ఉండకపోతడా, ఆయనతోటి చదివించుకోండి. మాది పెద్దపల్లి దిక్కు, బతుకుదెరువుకు ముంబైల ఉంటున్నం. మొన్న చలికాలం మా మేనమామ వస్తే రాయగడ్ జిల్లాల మురుద్ జంజీరా కోటకు తీస్కపోయిన.

రాజపురి రేవు కాడ తెరచాప పడవ ఎక్కినం. దగ్గరికి పోయేదాక దర్వాజ ఎక్కడున్నదో కనపడనే కనపడదు, సముద్రంలకెళ్లి లేచినట్టు ఒట్టి గోడే. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏలిన కోట ఇది, దీన్ని గెలుసుడు శివాజీ తోటి కాలే, శంభాజీ తోటి కాలే, 1948 దాక వాళ్లదే రాజ్యం. ఇప్పుడు మహల్ కూలి చెట్లు మొలిచినయి, కలాల్ బాంగ్డీ ఫిరంగి ఎండకు పడున్నది. చుట్టూ ఉప్పునీళ్లు, నడుమ మంచినీళ్ల గుండం! మామయ్య ఆడికెళ్లి కదల్లే. ముప్పావు గంటకే పడవ ఎక్కుమన్నరు, సరే పడవోళ్ల బాధలు పడవోళ్లవి, దాని మీద కాదు నా లెటర్.

అదే రాజపురి ఖాడీ, అంటే సముద్రపు పాయ, పట్టుకుని లోపలికి పోతే కుడా అని ఊరున్నది, గుట్టకు తొలిచిన 26 బౌద్ధ గుహలు. కోట కాడ బస్సులకు బస్సులు దిగుతుంటే ఇక్కడ మేమిద్దరమే, ఇంకో మనిషి లేడు. ఆరో గుహ ముందర రాతి ఏనుగు, గోడల మీద ఆడామగా జంటల బొమ్మలు, రెండు వేల ఏండ్ల నాటి బ్రాహ్మీ రాతలు. మా ఊరి పక్క ధూళికట్ట స్తూపం కూడా శాతవాహనుల కాలందే, అందుకే నాకు సొంతూరుకు పోయినట్టే అనిపించింది.

ఆ రాతలల్ల ఏమున్నదో మాకు కనపడ్డ ఒక్క బోర్డు మీద కూడా లేదు సార్. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఆ గుహలు తొలిపించి దానమిచ్చినోళ్లల్ల ఒక వైద్యుడు, ఒక పూలదండలల్లేటాయన, ఒక ఇనుప వ్యాపారి ఉన్నరట. మా మామయ్యకు సుల్తానాబాద్ల ఇనుప సామాన్ల దుకాణమే! ఫోన్ చేసి చెప్తే, 'అరె అల్లుడా, మనోడా ఆయన, ముందుగాల చెప్తే ఆ గుహ ఏదో ఎతుక్కుంటుంటి గదరా' అన్నడు.

అందుకే అడుగుతున్న, రాజపురి రేవు కాడ కుడాకు దారి చూపే బోర్డొకటి, గుహ గుహకు ఆడి రాత అర్థం మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల పెట్టించండి, తెలుగు లేకున్నా పర్లేదు. వానాకాలం కోట బంద్ ఉంటది కాబట్టి మామయ్య దసరా దాటినంక మళ్ల వస్త అంటున్నడు, అప్పటికల్లా ఇనుపాయన గుహ కాడ బోర్డన్న పెట్టించండి సార్.