గాబొరోన్ నుంచి నీకో ఉత్తరం

ఒరేయ్ సీనూ,

ఎలా ఉన్నావురా? అక్కడ మీకు ఎండలు తగ్గాయో లేదో గానీ ఇక్కడ బోట్స్వానాలో జూన్ చలి వణికిస్తోంది. ఆఫీసులో నా పక్క సీటతని గురించి చెప్పాను కదా, తోటకూర లాంటి మొరోగో నాకు పెట్టి నా డబ్బాలో పులిహోర తినేస్తాడని. పోయిన శుక్రవారం తను గే అని నాతో చెప్పాడు. చెప్పేముందు రెండుసార్లు తలుపు వైపు చూశాడురా. ఆ చూపు మర్చిపోలేకపోతున్నా.

చట్టం ప్రకారం అతను భయపడాల్సిన పనే లేదు. ఒకప్పుడు దీనికి ఏడేళ్ల దాకా జైలు ఉండేది. లెట్స్వెలెట్సె మొట్షిడియెమాంగ్ అనే యూనివర్సిటీ విద్యార్థి కేసు వేస్తే, 2019 జూన్ 11న హైకోర్టు ఆ సెక్షన్లు కొట్టేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లి 2021 నవంబరులో అక్కడా ఓడిపోయింది. 2003లో ఆ సెక్షన్లు తీసేయడానికి 'ఇంకా సమయం రాలేదు' అన్నది కూడా ఆ అప్పీలు కోర్టే! పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఆ సెక్షన్లో 'ప్రకృతి విరుద్ధం' అన్న మాట చూసి ఉలిక్కిపడ్డా. మన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 377 సెక్షన్లో మాటే. ఇంగ్లీషువాళ్లు 1860లో మనకి రాసిపెట్టి, తర్వాత తాము ఏలిన ఆఫ్రికా దేశాలకూ మోసుకెళ్లారు. ఇష్టపడి కలిసే పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో మన సుప్రీంకోర్టు 377 మీద ఇచ్చిన తీర్పును ఇక్కడి జడ్జీలు తమ తీర్పులో ప్రస్తావించారు. చాలా గర్వంగా అనిపించిందిరా.

"మరి భయం దేనికి? ఈ కారణంతో ఉద్యోగం తీసేయకూడదని 2010లోనే చట్టం మార్చారుగా" అన్నాను. "ఆఫీసు గురించి కాదు, మా మలోమె గురించి" అన్నాడు. మలోమె అంటే మేనమామ. ఇక్కడ కూడా పెళ్లి మాటల్లో ఆయనదే పెద్దరికం. పిల్ల తరఫువాళ్లకి బొగాది, అంటే కన్యాశుల్కం కింద ఆవులివ్వాలి. ఆవులు రెడీగా ఉన్నాయి, అమ్మాయిని చూపించు అని ఊరెళ్లిన ప్రతిసారీ ఆయన అడుగుతాడట. ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2023 జులైలో చర్చిల వాళ్లు, కోర్టు కొట్టేసిన ఆ సెక్షన్లను చట్టం పుస్తకంలోంచి తీసేయొద్దని ఇక్కడ ఊరేగింపు చేశారు. అందులో తను చిన్నప్పటి నుంచీ వెళ్లే చర్చి వాళ్లూ ఉన్నారని చెబుతూ ఆగిపోయాడు. నాకేం అనాలో తోచలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నా.

ఆ రాత్రంతా మన హాస్టల్ గుర్తొచ్చింది. చివరి గదిలో ఉండేవాడిని మనం ఏ పేరుతో పిలిచేవాళ్లమో నీకూ గుర్తుండే ఉంటుంది. నేను కూడా పిలిచాను. సెకండియర్ మధ్యలోనే వాడు గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు, ఎందుకని ఒక్కరం కూడా అడగలేదు. వాడి ఫోన్ నంబరు ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో కనుక్కుని పంపరా. నేనే మాట్లాడతాను.

ఉంటాను,
నీ
రవి