సూర్యాపేట మెకానిక్ అన్నకు

మొన్న విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక కారు ఆగిపోయింది. బావమరిది డీజిల్ కారు. బంకు కుర్రాడు డీజిల్‌కు బదులు పెట్రోల్ కొట్టాడని వాడి ఓనర్ మీద ఫోన్లోనే ఇంతెత్తున లేచాను.

మీరు వచ్చి ఫిల్టర్ విప్పి వాసన చూశారు. బిల్లు అడిగారు. అది తీస్తుంటే గుర్తొచ్చింది, అద్దం దించి "రెండు వేలకు పెట్రోల్" అన్నది నేనే. నా సొంత బండి పెట్రోలుది, నోటికి అదే అలవాటు. నా మొహం చూసి మీకు అర్థమైపోయింది. అయినా మా అత్తగారి ముందు ఒక్క మాట అనలేదు. నూనె మరకల వేళ్లతో ఆ బిల్లు మడిచి నా జేబులోనే పెట్టేశారు.

"పంపుకు డీజిలే నూనె సార్, పెట్రోల్ పోతే అరిగిపోతది. మళ్ల స్టార్ట్ చేయకుండ్రి" అంటూ ట్యాంకంతా పైపుతో క్యాన్లలోకి లాగారు. డబ్బులు తీసుకునేటప్పుడు పక్కకు పిలిచి మెల్లగా, "ఆ పోరగానికి ఒక మాట చెప్పి పోండ్రి సార్, లేకుంటే ఓనర్ జీతంల కోస్తడు" అన్నారు.

వెనక్కి తిప్పాను. ఓనర్ ఎదురుగానే ఆ పిల్లాడికి సారీ చెప్పాను, గొంతు పెగలడానికే కాసేపు పట్టింది. మీ నంబరు కూడా తీసుకోలేదు అన్నా. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చాలా థాంక్స్.