గాడి లోతు మా పొరపాటు: కేవిటీలు తీసుకున్నవారికి, స్లో లైట్‌కు అడ్వాన్సు ఇచ్చినవారికి

అనంతపురంలోని మా వర్క్‌షాప్ నుంచి గత నవంబరు, మార్చి నెలల మధ్య లేజర్ స్థిరీకరణ కోసం 10 సెంటీమీటర్ల ఇన్వార్ కేవిటీలు తీసుకున్న కళాశాలలకు, ప్రయోగశాలలకు ఈ సంగతి ఇంతకుముందే తెలియజేయవలసింది. కేవిటీ అంటే రెండు చివరలా అద్దాలు బిగించిన గొట్టం; ఆ అద్దాల మధ్య దూరాన్ని కొలబద్దగా పెట్టుకుని లేజర్ పౌనఃపున్యాన్ని కదలకుండా నిలుపుతారు. ఆ గొట్టాలలోకి బయటి గాలి చేరుతోంది. లోపం మాదే.

కడపలోని ఒక వినియోగదారు తమ 780 నానోమీటర్ల లేజర్‌ను మా కేవిటీకి లాక్ చేసి (అంటే దాని పౌనఃపున్యాన్ని కేవిటీకి కట్టివేసి), మారని ప్రమాణమైన రుబీడియం పరమాణువుల శోషణ రేఖతో పోల్చి, వారం రోజుల గ్రాఫ్ పంపించారు. పౌనఃపున్యం రోజూ దాదాపు 300 మెగాహెర్ట్జ్ మేర ఊగుతోంది. మేము మొదట ఎండనే అనుమానించాము. ఇన్వార్ చాలా తక్కువగా వ్యాకోచించే లోహమే అయినా, ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ లేజర్ 460 మెగాహెర్ట్జ్ వరకు జరుగుతుంది. కేవిటీని ఉంచే మా హీటర్ పెట్టెకు వేడి చేయడమే తప్ప చల్లబరచడం రాదు కనుక, మన వేసవిని దృష్టిలో పెట్టుకుని దానిని 45 డిగ్రీల దగ్గర నిలుపుతున్నాము. అయితే ఆ గ్రాఫ్‌లో పౌనఃపున్యం ఉదయం పది గంటలకు ఒకసారి, రాత్రి పది గంటలకు మరొకసారి పడిపోతోంది. ఎండ రోజుకు ఒక్కసారే కదా ఎక్కేది!

రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గేది వాతావరణ పీడనం. మన ప్రాంతంలో అది రోజులో మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ మారుతుంది, గదికి ఏసీ ఉన్నంత మాత్రాన ఆగదు. గాలి చొరబడే కేవిటీలో ఒక్క హెక్టోపాస్కల్ పెరిగితే వక్రీభవన గుణకం పెరిగి, పౌనఃపున్యం సుమారు 95 మెగాహెర్ట్జ్ తగ్గుతుంది. గొట్టం గట్టిగా మూసి ఉంటే లోపలి గాలి సాంద్రత మారదు కాబట్టి ఈ బాధ ఉండదు. విప్పి చూస్తే, మూత దగ్గర రబ్బరు రింగు కూర్చునే గాడిని మేమే లేత్ మీద ఎక్కువ లోతుగా కోశామని తేలింది. రింగు నొక్కుకోవడమే లేదు. రాత్రిపూట రెండు గంటలు మాత్రమే పరీక్షించి పంపినందువల్ల ఇది మా కంటపడలేదు. ఇకమీదట ప్రతి కేవిటీని మూడు పూర్తి రోజులు నడిపి, ఆ గ్రాఫ్‌ను జతచేసి పంపుతాము.

ఇక స్లో లైట్, అంటే నెమ్మదించిన కాంతితో పనిచేసే కేవిటీ విషయం. యూరోపియం కలిపిన క్రిస్టల్‌ను కేవిటీగా వాడి, దాని శోషణ రేఖలో (అది కాంతిని పీల్చుకునే పౌనఃపున్యాల దగ్గర) లేజర్‌తోనే సన్నని పారదర్శక కిటికీ తెరిస్తే, అందులో కాంతి సమూహ వేగం (కాంతి స్పందనం ముందుకు సాగే వేగం) విపరీతంగా తగ్గుతుంది. అప్పుడు పౌనఃపున్యం రవ్వంత జరిగినా వక్రీభవన గుణకం గణనీయంగా మారి, పొడవులో వచ్చిన తేడాను అదే సరిదిద్దుతుంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ మార్గంలో పొడవు మార్పుల ప్రభావాన్ని పదివేల రెట్లు తగ్గించగలిగినట్లు 2022లో ప్రచురించారు. అది చదివిన ఉత్సాహంలో మా కరపత్రంలో “త్వరలో” అని వేయించాము. వేయించకుండా ఉండవలసింది. ఆ క్రిస్టల్‌ను సున్నాకు దిగువన దాదాపు 270 డిగ్రీల చలిలో ఉంచాలి, పైగా చెక్కిన కిటికీ వాడే కాంతికే క్రమంగా చెదరకుండా కాపాడుకోవాలి. కరెంటు పోతే హీటర్ పెట్టెకే ఇన్వర్టర్ చాలక ఇబ్బంది పడే మా షెడ్డులో అది సాధ్యం కాదు. ఆ మాట మీద అడ్వాన్సు ఇచ్చిన ఇద్దరికీ పూర్తి మొత్తం ఈ నెలాఖరులోగా తిరిగి పంపుతాము. పౌనఃపున్యాన్ని కిలోహెర్ట్జ్ స్థాయిలో నిలపడమే వారి అవసరమైతే, శూన్యంలో ఉంచిన అల్ప వ్యాకోచ గాజు కేవిటీని వేరే తయారీదారు దగ్గర కొనమనే మా సలహా.

గాడి లోపమున్న కేవిటీలను దయచేసి విప్పవద్దు, అద్దాలకు దుమ్ము పడుతుంది. పెట్టెతో సహా పంపితే రానుపోను రవాణా ఖర్చు మేమే భరించి, కొత్త మూత బిగించి, వచ్చిన వరుసలోనే తిరిగి పంపుతాము. సెమిస్టరు ప్రయోగాలు మధ్యలో ఉన్నవారు ముందుగా ఫోన్ చేస్తే, మరమ్మతు అయ్యేవరకు మా దగ్గరున్న కేవిటీని వాడుకోవడానికి ఇస్తాము. అలా ఇవ్వగలిగినది ప్రస్తుతం ఒక్కటే ఉంది.