ఫార్మాట్ కొట్టే ముందు పాటలు లెక్కపెట్టుకోండి

సంపాదకులు గారికి,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత సిస్టమ్ మారుస్తున్న భజన మందిరాలవాళ్ళు, మైక్ సెట్లవాళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టిన పద్యాలు, హరికథలు, ధనుర్మాసం పాటలు పోగొట్టుకోకుండా ఈ నాలుగు ముక్కలు.

కంప్యూటర్‌లో పాటలు వినిపించే ప్లేయర్‌లో కనబడే వరస అంటే పాటలే కావు, ఏ పాట ఎక్కడుందో రాసుకున్న చీటీ. డి డ్రైవ్‌లో కొన్ని, డెస్క్‌టాప్ మీద కొన్ని, డౌన్‌లోడ్స్‌లో కొన్ని ఉన్నా అన్నీ ఒకచోటే ఉన్నట్టు చూపిస్తుంది. మ్యూజిక్ ఫోల్డర్ ఒక్కటే పట్టుకుపోతే మిగతావి అక్కడే ఉండిపోతాయి. ఆపిల్ వాళ్ళ ప్లేయర్ ఐట్యూన్స్‌లో అయితే వాటి పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు పడుతుంది. దీనికి మందు పాత మిషన్‌లోనే ఉంది. ఐట్యూన్స్ ఫైల్ మెనూలో లైబ్రరీ, అందులో ఆర్గనైజ్ లైబ్రరీకి వెళ్ళి కన్సాలిడేట్ ఫైల్స్‌కు టిక్ పెట్టండి. చెదిరినవన్నీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ అవుతాయి. కాపీయే కనుక డిస్కులో అంత ఖాళీ ఉండాలి. తర్వాత ఐట్యూన్స్ ఫోల్డర్ మొత్తం కొత్తదాంట్లో వేసి, షిఫ్ట్ నొక్కిపట్టి ఐట్యూన్స్ తెరిస్తే లైబ్రరీ ఏదని అడుగుతుంది. అది చూపిస్తే ప్లేలిస్టులతో సహా వస్తాయి.

ఆడియో సీడీల దగ్గర ఇంకో పొరపాటు. తెరిస్తే ట్రాక్ నంబర్లతో ఫైళ్ళు కనిపిస్తాయి, లాగి డెస్క్‌టాప్ మీద వేస్తారు. సైజు చూడండి, ఒక్కోటి 44 బైట్లు. అందులో పాటెక్కడిది! మీడియా ప్లేయర్‌లో రిప్ చేయాలి, అంటే సీడీలోని పాటను ఫైలుగా మార్చుకోవాలి. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి సుమారు 2.4 ఎంబీ, కుదించని వావ్ ఫైలు అయితే 10 ఎంబీ పడుతుంది. 128 కేబీపీఎస్‌లో ఉన్నదాన్ని 320కి మారిస్తే సైజే పెరుగుతుంది, గొంతు బాగుపడదు.

తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైపోతే కంగారొద్దు, పాట క్షేమం. పాట ఫైలులోనే పేరు రాసి ఉండే చీటీని ఐడీ3 ట్యాగు అంటారు. పాత ఐడీ3 ట్యాగులో పేరుకు 30 బైట్లే చోటు, తెలుగు అక్షరాలు రాసే యూనికోడ్ లేదు. ఎంపీ3ట్యాగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐడీ3 2.3, యూటీఎఫ్-16 (యూనికోడ్ రకం) ఎంచుకుని పేరు మళ్ళీ కొట్టి సేవ్ చేయండి. కారు స్టీరియోలో డబ్బాలు పడితే మాత్రం అది దాంట్లో తెలుగు ఫాంటు లేకే.

పాటలన్నీ ఒకే జిప్‌గా కట్టకండి. ఆ ఒక్క ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి మారిస్తే పడుతుంది గానీ, ఆ పెన్‌డ్రైవ్‌ను చాలా మైక్ ఆంప్లిఫయర్లు చదవవు. విడి ఫోల్డర్లుగానే వేసుకోండి.

ఇక లెక్క. పాత ఫోల్డర్‌కు, కొత్త ఫోల్డర్‌కు ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, సైజు బైట్లతో సహా పోల్చండి. సైజ్ ఆన్ డిస్క్ చూడొద్దు, డ్రైవ్‌ను బట్టి మారుతుంది. ఒక్క బైటు తేడా ఉన్నా పాతది చెరపకండి. పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేశాకే పీకండి, చివర కాపీ అయిన పాటలు సగంలో తెగేది ఎక్కువగా ఇందువల్లే.

సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, మ్యూజిక్ మూడూ పోతాయని చాలామందికి తెలియదు. కావలి నుంచి ఒంగోలు దాకా సర్వీసు షాపులవాళ్ళకు మా మనవి: ఫార్మాట్‌కు ముందు ఆ ఫైళ్ళ సంఖ్య, బైట్లు బిల్లు వెనక రాసి, కస్టమర్ చేత సంతకం పెట్టించుకోండి. రెండు నిమిషాల పని.

– కంప్యూటర్ సర్వీసు చేసేవాళ్ళం, కావలి, నెల్లూరు జిల్లా