పిల్లల కథల్లోకి వాడకట్టు ఆటలు రావాలి

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో జరిగే కథారచన శిబిరాలకు కొన్నేళ్లుగా వెళ్తున్నాను. కథ రాయమనగానే పిల్లల్లో చాలామంది అడవితో, సింహంతో మొదలుపెట్టి, చివర ‘నీతి’ అని రాసి కింద గీత గీస్తారు. సింహం గురించి రాయడంలో తప్పేమీ లేదు. నిన్న సాయంత్రం తాము ఆడుకున్న గల్లీ కథకు పనికిరాదని వాళ్లు అనుకోవడమే నాకు బాధ కలిగిస్తున్నది.

నేను వరంగల్ మట్టెవాడలో పెరిగాను. ఏడు పెంకులాట, చిర్రగోనె, కచ్చకాయలు లేని రోజు మా వాడకట్టులో ఉండేది కాదు; బతుకమ్మకు ముందు ఆడపిల్లలమంతా మట్టితో బొడ్డెమ్మను చేసి ఆడేవాళ్లం. అందరిలో చిన్నదాన్ని కనుక నన్ను ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు. అంటే నేను పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, కానీ దొరికినా ఔటు కాను, గెలిచినా లెక్కలోకి రాను. ఒక సాయంత్రం దాగుడుమూతల్లో పక్కింటి అక్క నా రెక్క పట్టుకొని, “ఇగ నువ్వే దొంగ” అన్నది. సున్నం గోడకు ముఖం ఆనించి ఇరవై దాకా లెక్కపెడుతుంటే ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి, ఎందుకంటే ఆ రోజుతో నేనూ లెక్కలోకి వచ్చాను. చాలా ఏళ్ల తర్వాత దాన్నే కథగా రాసి ఒక బడిలో చదివినప్పుడు నీతి ఏమిటని ఎవరూ అడగలేదు, “మరి ఆమెకు అందరు దొరికిన్రా?” అని అడిగారు.

హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయంలో పాత చందమామలు చదువుకున్నదాన్ని కనుక రాజుల కథలన్నా, రాక్షసుల కథలన్నా నాకు ఇప్పటికీ ప్రేమే. అయితే తొండి చేసిన స్నేహితుణ్ని మర్నాడు ఆటకు పిలవాలా వద్దా అన్న తగవు ఏ రాజు సమస్యకూ తీసిపోదు. ఇప్పటి గల్లీలో బండ్ల మధ్య క్రికెట్ ఆడే పిల్లలు, బంతి ఎవరింట్లో పడితే ఔటో, లోపలికి వెళ్లి తిట్లు తిని దాన్ని ఎవరు తేవాలో తమకు తామే చట్టం రాసుకుంటారు. పాత్రలు, పంతాలు, భయం, న్యాయం అన్నీ అందులోనే ఉన్నాయి.

భాష విషయంలోనూ ఒక మాట. నా కథను అచ్చువేసిన ఒక పత్రిక ‘దొరికిన్రా’ను ‘దొరికారా’గా, ‘వాడకట్టు’ను ‘కాలనీ’గా మార్చింది. అచ్చులో చూసుకుంటే ఆ పిల్ల మా గల్లీ పిల్లలా అనిపించలేదు. మడికొండలో పెరిగిన కాళోజీ జయంతి అయిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న మనం పిల్లల నోటి మాటను పిల్లల కథలోనే ఉండనివ్వకపోతే ఎలా?

మీ ఆదివారం సంచికలోని పిల్లల పేజీలో వారానికి ఒక ఆట కథకు చోటివ్వాలని కోరుతున్నాను. పిల్లలు తామే రాసి పంపవచ్చు, లేదా అమ్మమ్మను అడిగి ఆమె ఆడిన ఆటను రాయవచ్చు. ఉపాధ్యాయులు కూడా కథ రాయమనే ముందు “నిన్న ఏమాడిన్రు?” అని అడిగి, ఒక పావుగంట వినాలి. వచ్చిన కథలకు నీతి ఉండాలన్న షరతు పెట్టకండి. వాళ్లు ‘తొండి’ అని రాస్తే దాన్ని ‘మోసం’ అని దిద్దకండి.

ఇట్లు,
ఒక బాలకథా రచయిత్రి,
మట్టెవాడ, వరంగల్