ఇద్దరూ నల్లవాళ్లే అయితే రంగెక్కడ చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో అమెరికా ఎన్నికల మీద వ్యాసం చదివాను. 'అక్కడి నల్లవాళ్లు రంగు చూసి ఓటేస్తారు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తణుకులో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలు ఇలా రాస్తే సగం మార్కులే వేసేదాన్ని.

2022 చలికాలం అట్లాంటా దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. జార్జియాలో సెనేట్ సీటుకు డెమోక్రాట్ రాఫెల్ వార్నాక్, రిపబ్లికన్ హెర్షెల్ వాకర్ పోటీ. ఇద్దరూ నల్లవాళ్లే. ఒకాయన మార్టిన్ లూథర్ కింగ్ పనిచేసిన చర్చికి పాస్టరు, రెండో ఆయన పేరుమోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. నవంబరు ఎగ్జిట్ పోల్స్ చూస్తే నల్లవాళ్లలో పదికి తొమ్మిదిమంది వార్నాక్ వైపు, తెల్లవాళ్లలో పదికి ఏడుగురు వాకర్ వైపు. ఎవరికీ సగం ఓట్లు దాటక డిసెంబరు 6న మళ్లీ పోలింగ్ పెడితే వార్నాక్ గెలిచాడు.

ఆ రోజు పక్కింటావిడకు తోడు వెళ్లాను. నల్లావిడ, రిటైర్డ్ నర్సు, పుట్టింది మిసిసిపీలో. క్యూ చాంతాడంత ఉంది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి ముందున్న ముసలాయనకు ఇవ్వబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఓటు క్యూలో ఉన్నవాళ్లకు నీళ్లూ తిండీ ఇవ్వకూడదని 2021లో చట్టం చేశారట! చలివేంద్రాల ఊరి నుంచి వెళ్లినదాన్ని, నాకు నోట మాట రాలేదు.

వచ్చేటప్పుడు కారులో వాళ్లమ్మ సంగతి చెప్పింది. అప్పట్లో మిసిసిపీలో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షను ఇచ్చి అర్థం రాయమనేవారు. పాసో ఫెయిలో గుమాస్తా ఇష్టం. వాళ్లమ్మ మూడుసార్లు ఫెయిలట. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాకే ఆమె పేరెక్కింది. సంతకం చేసింది డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్. అంతకుముందు ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో, పౌరహక్కుల చట్టాన్ని వద్దన్న రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌ను ఇదే జార్జియా బలపరిచింది. ఆవిడ ఓటు వెనక ఉన్నది ఈ లెక్క. అన్నట్టు, మన పిల్లలు అమెరికా వెళ్లడానికి దారి తెరిచిన వలస చట్టం కూడా ఆ 1965దే, ఆ జాన్సన్‌దే.

రంగు అసలు పనిచెయ్యదని నేననను. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం నల్లవాళ్ల ఓట్లలో డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థులైన కెర్రీకి 2004లో 88 శాతం, ఒబామాకు 2008లో 95 శాతం పడ్డాయి. ఆ ఏడు శాతం రంగుదే అనుకుందాం. మిగతా 88 మాటేమిటి? కెర్రీ తెల్లవాడు కదా! తెల్లవాళ్ల ఓట్లు కూడా కెర్రీకి 41 శాతమే, ఒబామాకు 43.

2024 నవంబరులో ట్రంప్ గెలిచినప్పుడు, ఉషా వాన్స్ పూర్వీకుల ఊరని మా పక్క వడ్లూరులో బాణసంచా కాల్చారు. మీరు 'మన ఆడపడుచు' అని పెద్ద హెడ్డింగు పెట్టారు. ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్షుడిగా గెలిచిన ఆమె భర్త ఏ విధానాల కోసం నిలబడ్డాడో లోపలి పేజీల్లో కూడా కనబడలేదు. నేనూ తక్కువ తినలేదు లెండి, ఆ రోజు వడ్లూరు నుంచి వచ్చిన మిఠాయి తిన్నాను. రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, మీరంతా ఏం చూసి పండగ చేసుకుంటున్నారు?" అంటే, లడ్డూ బాగుందని మాట మార్చేశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు, తణుకు